మనిషికి ఏడాదికి 4 రూపాయలు

2022 ఫిబ్రవరి 16న కేంద్ర సామాజిక న్యాయ శాఖ 'సీడ్' పేరుతో ఒక పథకం మొదలుపెట్టింది. విముక్త జాతులు, సంచార జాతులు, అర్ధ సంచార జాతుల కుటుంబాలను ఆర్థికంగా నిలబెట్టడం దాని ఉద్దేశం. 2021-22 నుంచి 2025-26 దాకా అయిదేళ్లకు కేటాయింపు 200 కోట్ల రూపాయలు. వినడానికి పెద్ద మొత్తమే. ఈ జాతుల జనం దేశంలో 10 కోట్ల పైచిలుకు ఉంటారని 2008లో రేణ్కే కమిషన్ అంచనా కట్టింది. 200 కోట్లను 10 కోట్ల మందికి పంచితే తలకు 20 రూపాయలు. అయిదేళ్లకు సర్దితే ఏడాదికి 4 రూపాయలు. ఆ డబ్బుతో రోడ్డు పక్క బండి మీద చాయ్ కూడా రాదు.

పథకం అందరికీ వర్తించదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, ఇలాంటి మరో పథకం కింద లబ్ధి పొందుతూ ఉండకూడదు. కాబట్టి లెక్క ఇంకోలా వేద్దాం. ఇంటికి అయిదుగురు చొప్పున చూస్తే 10 కోట్ల మంది అంటే 2 కోట్ల కుటుంబాలు. ఒక కుటుంబం చిన్న వ్యాపారం పెట్టుకోవడానికి 50 వేలు కావాలనుకుందాం. 200 కోట్లూ దానికే ఖర్చు పెట్టినా అందేది 40 వేల కుటుంబాలకు. అంటే 500 ఇళ్లలో ఒక ఇంటికి. పైగా ఈ డబ్బు ఒక్క జీవనోపాధికే కాదు. పిల్లలకు పోటీ పరీక్షల శిక్షణ, 5 లక్షల ఆరోగ్య బీమా, ఇంటి నిర్మాణం కూడా ఇందులోనే ఉన్నాయి. జీవనోపాధికి నాలుగో వంతు దక్కుతుందనుకుంటే 2 వేల ఇళ్లలో ఒక్క ఇల్లు. ఆ కాస్త డబ్బు ఖర్చవడమూ మందకొడిగానే సాగింది. 2022 డిసెంబరులోనే పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ సంగతి ఎత్తిచూపింది.

ఈ లెక్కలో అడుగునున్న 10 కోట్లు అనే సంఖ్య కూడా గట్టిది కాదు. అది 2001 జనాభా లెక్కల ఆధారంగా కట్టిన అంచనా. రేణ్కే కమిషన్ తర్వాత వచ్చిన ఇదాతే కమిషన్ దేశమంతటా ఇలాంటి 1,526 సముదాయాలను గుర్తించింది. వాటిలో 269 సముదాయాలు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాబితాల్లో వేటిలోనూ లేవు. ఒక జాబితాలో లేని మనిషి కుల ధ్రువీకరణ పత్రం తేలేడు. పత్రం లేకపోతే శిక్షణకు దరఖాస్తు పెట్టలేడు. 2027 జనగణనలో కులాల లెక్క తీస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించాక, మమ్మల్ని విడిగా లెక్కించండి అని ఈ జాతుల సంఘాలు గట్టిగా అడుగుతున్నది అందుకే.

యూరప్‌లో ఇదే స్థితిలో ఉన్న జనం రోమాలు. వెయ్యేళ్ల కిందట మన దేశపు వాయవ్య ప్రాంతాల నుంచి కదిలి వెళ్లినవాళ్లు. వాళ్ల భాష హిందీ, గుజరాతీ, మార్వాడీ భాషలకు దూరపు చుట్టం. యూరప్ మొత్తంలో కోటి నుంచి కోటీ 20 లక్షల మంది ఉంటారని అంచనా. లోహపు పని, గుర్రాల వ్యాపారం, బుట్టలల్లడం, సంగీతం వాళ్ల వృత్తులు. ఈ నాలుగు మాటలు చదవగానే తెలుగువాడికి తన ఊరి పొలిమేరలో డేరాలు వేసుకునే మనుషులు గుర్తొస్తారు. వాళ్ల పరిస్థితిపై యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ 10 దేశాల్లో సర్వే చేసి 2022 అక్టోబరులో ఫలితాలు బయటపెట్టింది. రోమాల్లో 80 శాతం మంది పేదరికం అంచున ఉన్నారు. జీతమో కూలో వచ్చే పని ఉన్నవాళ్లు 43 శాతం. యూరోపియన్ యూనియన్ సగటు 72 శాతం. ఆడవాళ్లను విడిగా తీస్తే 28 శాతమే. ఈ పేదరికపు తేడానూ ఉద్యోగాల తేడానూ 2030 కల్లా సగానికి తగ్గించాలని 2020లో అక్కడ లక్ష్యం పెట్టుకున్నారు. ఆ లక్ష్యం చేరతారో లేదో గానీ, కనీసం దేన్ని సగం చేయాలో వాళ్లకు తెలుసు. మన దగ్గర ఆ మొదటి అంకే లేదు.

ఉప్పు మోసినవాళ్ల కథ

ఈ సంచార జాతులకు వ్యాపార శిక్షణ అనగానే, వీళ్లకు వ్యాపారం రాదు కాబట్టి నేర్పుతున్నాం అనే భావన అందులో దాగి ఉంటుంది. నాకు దానితోనే పేచీ. చరిత్ర చూస్తే విషయం తారుమారుగా ఉంది.

ఎరుకలవారినే తీసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లు 5,19,337 మంది. విభజన తర్వాతి సరిహద్దుల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 3,75,209, తెలంగాణలో 1,44,128. వాళ్లలోని తెగల పేర్లు చదివితే ఒక బజారు జాబితా చదివినట్టే ఉంటుంది: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, కుంచపురి ఎరుకల. ఉప్పు ఎరుకలవారు కోస్తాలో ఉప్పు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, ధాన్యం మార్చుకుని తిరిగొచ్చేవాళ్లు. రోడ్డు లేని ఊరికి ఉప్పు చేరిందంటే వాళ్ల వల్లే. ధర తెలుసు, దారి తెలుసు, ఏ ఊళ్లో ఎవరికి అప్పు పెట్టొచ్చో తెలుసు. దీన్ని వ్యాపారం అనకపోతే మరేమనాలి?

ఆ వ్యాపారం ఎలా కూలిందో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో వివరించారు. మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి రైలు 1856లో నడిచింది. రైలు వెళ్లిన చోటికల్లా ఉప్పూ ధాన్యమూ బస్తాల్లో చేరాయి, గాడిద మీద మూటకు గిరాకీ తగ్గింది. 1876-78 నాటి కరువు పశువులను తుడిచిపెట్టింది. 1880లలో ఉప్పు మీద ప్రభుత్వ పట్టు బిగిసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వెదురుకూ ఆకుకూ మేతకూ అడ్డొచ్చింది. అంటే సరుకు పోయింది, బండి పోయింది, ముడిసరుకూ పోయింది. ఇవన్నీ పోయాక ఊరూరా తిరుగుతూ కనిపించిన మనిషిని సర్కారు అనుమానించింది.

1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 సవరణతో మద్రాసుకూ వచ్చింది. పుట్టుకతోనే నేరస్థులుగా రాసేసి, వేలిముద్రలు తీసుకుని, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలన్నారు, వేళకు హాజరు వేయించుకోవాలన్నారు. తిరిగితేనే బతుకు గడిచే వ్యాపారికి ఊరు దాటొద్దు అన్నారంటే అంతకు మించిన దివాలా ఏముంటుంది? ఈ జాతులను ఒకచోట ఉంచడానికి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఆధ్వర్యంలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. అప్పటి మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. నెల్లూరు జిల్లాలో కప్పరాళ్లతిప్ప, కృష్ణ ఒడ్డున సీతానగరం, కర్నూలు వైపు సిద్ధాపురం కూడా ఇలాంటివే. స్టూవర్టుపురం వాళ్లకు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని దొరికింది. ఉప్పు వ్యాపారి వారసుడు పొగాకు కూలీ అయ్యాడు. సర్కారు దాన్ని సంస్కరణ అంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ చట్టం కింద 127 సముదాయాలు, కోటీ 30 లక్షల మంది ఉన్నారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటారు. చట్టం పోయినా చాలా రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు దాని చోటు ఆక్రమించాయి. జైలు మాన్యువళ్లలో ఈ జాతుల ప్రస్తావన 2024 దాకా అలాగే ఉంది. పాత్రికేయురాలు సుకన్యా శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు ఇచ్చేదాకా దాన్ని తుడిచినవాళ్లు లేరు. చట్టం పుట్టిన 1871 నుంచి లెక్కపెడితే 153 ఏళ్లు.

కుంచె నుంచి నవాగామ్ దాకా

ఎరుకల తెగల్లో కుంచపురివాళ్లను కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే వాళ్ల కథ మనల్ని గుజరాత్‌కు తీసుకెళ్తుంది. చేనేతలో పడుగు పరిచి, దారానికి గంజి పెట్టి, పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా పొడవాటి కుంచెతో దువ్వుతారు. ఆ కుంచె కట్టడం ఒక విద్య. గట్టి పీచు వేళ్లు ఏరి, నానబెట్టి, ఒక్కో గుత్తిని బిగించి, అంచు సమం చేయాలి. పద్మశాలి ఇంటికి కుంచె అమ్మేవాడు ఎరుకలవాడు. ఒకరి మగ్గం ఆడినంతకాలం ఇంకొకరి పొయ్యి వెలిగింది.

మరమగ్గం వచ్చాక గంజి పని మిల్లులోని సైజింగ్ యంత్రానికి పోయింది. నేతగాడు ఊరు వదిలాడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వేలాది పద్మశాలి కుటుంబాలు భివండీకీ షోలాపూర్‌కూ సూరత్‌కూ వెళ్లాయి. సూరత్‌లో ఉధనా, లింబాయత్, దిండోలి, నవాగామ్ వైపు తెలుగు మాట వినపడుతుందంటే కారణం ఆ వలసే. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. అక్కడికి వెళ్లిన నేతగాడికి శిక్షణ ఎవరిచ్చారు? ముందు వెళ్లిన బావమరిది ఇచ్చాడు. గది అద్దెకు మేనమామ పూచీ పడ్డాడు. చీటీ పాడుకుని కొందరు సొంత మగ్గం పెట్టుకున్నారు. కుల సంఘం పెళ్లికీ చావుకూ తోడుంది. నేతగాడి బతుకు తేలికని నేను అనడం లేదు. 12 గంటల షిఫ్టు, చెవులు దిబ్బడేసే చప్పుడు, ఇరుకు గది. అయినా అతనికి పూచీ పడే మనిషి ఉన్నాడు.

కుంచె కట్టినవాడికి బంధువులు లేక కాదు, వాళ్లూ చుట్టాల అండతోనే బతుకుతారు. అయితే అతని చుట్టం పూచీ ఇస్తానంటే బజారు ఒప్పుకోదు. పేరు చెప్పగానే ఇల్లు అద్దెకివ్వరు. ఒకే వలసలో ఇద్దరికీ దొరికినదాంట్లో తేడా ఇక్కడే ఉంది. వారం రోజుల తరగతి ఆ తేడాను పూడ్చలేదు.

గుజరాత్‌కు తనదైన విముక్త జాతులు ఉన్నాయి. రాష్ట్ర జాబితాలో 12 విముక్త సముదాయాలు, 28 సంచార సముదాయాలు. అహ్మదాబాద్ ఛారానగర్‌లోని ఛారాలు 1998లో బుధన్ థియేటర్ పెట్టి తమ మీద పడ్డ ముద్ర గురించి వీధినాటకాలు ఆడుతున్నారు. జాబితాలోని వాఘ్రీలు తమను దేవీపూజకులుగా చెప్పుకుంటారు. వాళ్ల ఆడవాళ్లు చేసే పాతబట్టల వ్యాపారం తెలుగు గృహిణులందరికీ తెలిసినదే: పాత బట్టలకు స్టీలు సామాన్లు.

ఆ వ్యాపారం లోపల ఏం జరుగుతుందో చూడండి. పొద్దున ఒకామె తట్టలో గిన్నెలూ ప్లేట్లూ పెట్టుకుని కాలనీకి వెళ్తుంది. ఒక చీర, రెండు ప్యాంట్లు తెచ్చి ఇంటావిడ పెద్ద గిన్నె అడుగుతుంది. ఈమె చీర అంచు పట్టి చూస్తుంది, ప్యాంటు జిప్పు లాగి చూస్తుంది, మోకాలి దగ్గర బట్ట వెలుగుకు పట్టి చూస్తుంది. క్షణంలో ధర కట్టేస్తుంది. సాయంత్రం ఇంట్లో బట్టలు వేరవుతాయి. బాగున్నవి ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి బజారుకు. జరీ ఉన్న చీర ఇంకొకరికి. చిరిగినవి యంత్రాల నూనె తుడిచే గుడ్డలుగా కార్ఖానాలకు. అహ్మదాబాద్ ఢిల్లీ దర్వాజా దగ్గర ఈ బట్టల బజారు తెల్లవారుజామునే సాగుతుంది. కొనుగోలు, నాణ్యత పరీక్ష, మరమ్మతు, గ్రేడింగు, టోకు అమ్మకం అన్నీ ఒక్క మనిషి చేతిలో. ఈమెకు తరగతి గదిలో వ్యాపార సూత్రాలు చెప్పబోయే యువకుడు ముందు ఆమె వెంట ఒక పూట తిరిగితే మంచిది.

మరి ఆమె దగ్గర లేనిదేమిటి? పెట్టుబడి చౌకగా దొరకదు. కూర్చోవడానికి సొంత చోటు లేదు.

వంద రోజుల అప్పు

చౌక అంటే ఎంత చౌక? నవాగామ్ లాంటి వాడలో తోపుడుబండి మీద కూరగాయలు అమ్మే మనిషిని ఊహించుకుందాం. రోజువారీ వసూలు అప్పు, తెలంగాణలో గిరిగిరి అంటారే అది, సాధారణంగా ఇలా ఉంటుంది: కాగితం మీద 10 వేలు, చేతికి 9 వేలు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా వడ్డీ అనిపిస్తుంది. రోజూ అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి సగటున అతని చేతిలో ఉన్నది 4,500. దానికి 100 రోజుల్లో వెయ్యి అంటే 22 శాతం; ఏడాదికి 80 శాతం. ఒకటి తీరగానే ఇంకొకటి తీసుకుంటూ పోతే ఏడాదిలో వడ్డీ కిందే 3,650 రూపాయలు పోతాయి.

వీధి వ్యాపారులకు అప్పు ఇచ్చే కేంద్ర పథకం పీఎం స్వనిధి 2020 జూన్ 1న మొదలైంది. మొదటి విడత 10 వేలు ఉండేది, 2025 ఆగస్టులో దాన్ని 15 వేలు చేశారు; రెండో విడత 25 వేలు, మూడో విడత 50 వేలు. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. 10 వేలకు బ్యాంకు 12 శాతం వేసిందనుకున్నా ఏడాది వాయిదాల్లో మొత్తం వడ్డీ దాదాపు 650, అందులో 380 దాకా తిరిగొస్తుంది. అంటే 270 రూపాయలతో పోయేదానికి కాగితం లేని మనిషి 3,650 కడుతున్నాడు. 2025 జూలై చివరికి ఈ పథకం కింద 68 లక్షల మంది వీధి వ్యాపారులకు 13,797 కోట్ల అప్పులు అందాయి. మంచి పథకం, ఈ మాట మనసారా అంటున్నాను. అందుకునే మనిషికి మాత్రం నగరపాలక సంస్థ సర్వేలో పేరుండాలి, లేదా సిఫారసు లేఖ ఉండాలి.

ఆ సర్వేకు మూలం 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం. నగర జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటివ్వాలని అందులో ఉంది. 2011 లెక్కల్లో సూరత్ జనాభా 44,67,797. అందులో 2.5 శాతం అంటే 1 లక్షా 11 వేల పైచిలుకు బండ్లకు చోటుండాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. డేరాలో ఉండే కుటుంబం, ఆరు నెలలు ఒక ఊళ్లో ఆరు నెలలు ఇంకో ఊళ్లో ఉండే కుటుంబం సర్వే రోజున ఎక్కడుంటుంది? అయిదేళ్లకోసారి జరగాల్సిన సర్వేలో ఒకసారి తప్పిపోయారంటే మళ్లీ సర్వేలో పేరు చేరేది అయిదేళ్లకే.

గుజరాత్‌లో మిత్తల్ పటేల్ నడుపుతున్న విచరతా సముదాయ్ సమర్థన్ మంచ్ ఈ చిక్కును ఇంకో వైపు నుంచి విప్పుతోంది. సంచార కుటుంబాలకు ఓటరు కార్డు, రేషన్ కార్డు ఇప్పించడానికి ఆఫీసుల చుట్టూ తిరగడం ఒక పని. చిన్న వ్యాపారాలకు వడ్డీ లేని అప్పు ఇవ్వడం ఇంకో పని. కాగితమూ పెట్టుబడీ ఒకే చేతి మీదుగా వెళ్లడం వల్ల అప్పు తీసుకున్న మనిషి మరుసటేడు బ్యాంకు గడప తొక్కే దారి తెరుచుకుంటుంది.

ఈతబుట్ట లెక్క

ఇప్పుడు అసలు శిక్షణ సంగతికి వద్దాం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులు ఉన్నాయి. బుట్టలు, చాపలు, చీపుర్లు అల్లేవాళ్లు ఒక వర్గం. 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, ఇష్టమైతే 15 రోజుల పై శిక్షణ, రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15 వేలు. ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. పథకానికి కేటాయింపు 13 వేల కోట్లు. సీడ్ పక్కన పెడితే 65 రెట్లు.

ఈతబుట్ట అల్లే ఎరుకల ఆమె దృష్టిలో ఈ లక్ష ఎలా కనిపిస్తుంది? 18 నెలల్లో తీర్చాలంటే నెలకు వాయిదా సుమారు 5,780. ఆమె పని చూద్దాం. తెల్లారుజామున వెళ్లి ఈత బరికెలు కోసుకు రావాలి. ఆకు దూసి, బరికెను కొడవలితో నిలువునా చీల్చి, ఎండ తగలకుండా తడి గుడ్డ కింద పెట్టాలి, ఎండితే విరుగుతుంది. అడుగు పరిచి, నిలువు పుల్లలు లేపి, చుట్టూ అల్లుకుంటూ వచ్చి, చివర అంచు కట్టాలి. అంచు గట్టిగా లేకపోతే పేడకో మట్టికో వాడిన మూడో రోజే నోరు తెరుస్తుంది. రోజుకు రెండు బుట్టలు, నెలలో 20 రోజులు అల్లడం, మిగతా రోజులు బరికెలకూ అమ్మకానికీ అనుకుందాం. బుట్ట 150కి పోతుందనుకుందాం. 40 బుట్టలు, 6 వేల రూపాయలు. బ్యాంకు వాయిదా 5,780. బియ్యానికీ పిల్లల ఫీజుకూ మిగిలింది 220.

ఇది నేను వేసిన ఊహ లెక్కే, ఊరిని బట్టి బుట్ట ధర మారుతుంది. అయినా విషయం అర్థమవుతుంది. ఒంటరిగా అల్లే మనిషికి లక్ష అప్పు బరువే. ఆమెకు పనికొచ్చేది పది పదిహేను వేలు, అదీ వెదురో బరికెలో చౌకగా దొరికే కాలంలో. దానితోపాటు బస్టాండు దగ్గర కూర్చోవడానికి చోటు, పెళ్లిళ్ల సీజన్లో టోకున కొనే పూల అంగడివాళ్లతో ఒప్పందం. పది మంది ఆడవాళ్లు కలిసి సంఘంగా కొని సంఘంగా అమ్మితే అప్పుడు లక్ష పనికొస్తుంది. డ్వాక్రా నడిపిన రాష్ట్రాలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. సీడ్ జీవనోపాధి భాగం కూడా సంఘాల పద్ధతినే ఎంచుకుంది, ఆ మేరకు దాని ఆలోచన సరైనది.

శిక్షణలో నేర్పాల్సింది ఏదీ లేదని కాదు. తన కూలిని ధరలో కలపడం చాలామంది చేయరు. బరికెలు అడవిలో ఊరికే వచ్చాయి కాబట్టి ఎంతకు పోయినా లాభమే అనుకుంటారు. కూర్చుని రోజు లెక్క రాయించి, రెండు రోజుల శ్రమకు కూలి ఎంత పడిందో చూపిస్తే ధర అడిగే తీరు మారుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితమని, తినుబండారాలు అమ్మే చిన్న వ్యాపారులకు ఆహార భద్రత నమోదు రుసుము నామమాత్రమేనని తెలిస్తే మధ్యవర్తికి వేలు పోయరు. ముద్ర పథకంలో శిశు రుణం 50 వేల దాకా పూచీకత్తు లేకుండా ఇవ్వాలని తెలిస్తే బ్యాంకు కౌంటరు దగ్గర మాట తడబడదు.

ఈ సంగతులు చెప్పడానికి వారం చాలు. తర్వాత రెండేళ్లే కష్టం. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటి నమూనా నుంచి పుట్టిన ఆర్‌సెటీలు, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, ఈ మాట గ్రహించాయి: కొద్ది వారాల ఉచిత శిక్షణ, ఆ తర్వాత రెండేళ్ల చేయూత. హంగరీలో రోమాల కోసం నడిచిన కియూత్ ప్రోగ్రామ్ కూడా ఇదే తేల్చుకుంది. 2010 ప్రాంతంలో పూచీకత్తు లేని చిన్న అప్పులతో మొదలైంది. అప్పుతోపాటు ఊళ్లో తిరిగే కార్యకర్త ఉండేది. రిజిస్ట్రేషన్, పన్ను కాగితాలు, లెక్కలు ఆమె దగ్గరుండి చేయించేది. కాలం గడిచాక వాళ్లు దోసకాయ సాగు వైపు మళ్లారు. పెట్టుబడి ముందే ఇచ్చి, పంటను కొనేవాళ్లను ముందే చూసి, సీజను పొడుగునా సలహాదారు వెంట ఉండే పద్ధతి. కొనేవాడు ఖాయమైతే తరగతి గది అవసరం సగం తగ్గిందని ఆ మార్పు చెప్తుంది.

మన దగ్గర ఈ వెంట ఉండే పనిని పథకం లేకుండానే చేసినవాళ్లు ఉన్నారు. గోరా కుమారుడు లవణం, గుర్రం జాషువా కుమార్తె హేమలత 1974 నుంచి స్టూవర్టుపురంలో పనిచేశారు. వాళ్ల సంస్థ పేరు సంస్కార్. పోలీసులతో, కోర్టులతో, బడితో, యజమానులతో మాట్లాడటం వాళ్ల పనిలో పెద్ద భాగం. ఇంటర్వ్యూకు వెళ్లిన కుర్రాడి ఊరి పేరు వినగానే కాగితం పక్కన పెట్టే మనిషిని కదిలించడం ఏ శిక్షణ పాఠ్యప్రణాళికలోనూ ఉండదు. నా దృష్టిలో ఈ రంగంలో ఖర్చు పెట్టాల్సిన మొదటి రూపాయి అక్కడ పెట్టాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో చిక్కు ఉంది. ఎరుకల, యానాది, లంబాడీ, నక్కల వాళ్లు ఎస్టీలు. దొమ్మర, దాసరి, గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కల, పిచ్చిగుంట్ల వాళ్లు బీసీ-ఏలో ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రం నుంచి వస్తున్న 29 శాతం బీసీ రిజర్వేషన్లలో ఏ గ్రూపు వాటా 7 శాతం. విముక్త, సంచార జాతులను పెట్టిన గ్రూపే అది. ఒక ఇంటికి ఎస్టీ పత్రం ఉంటుంది గానీ విముక్త జాతి అని రాసిన పత్రం ఉండదు. రెండోది అడిగితే ఏ కార్యాలయంలో ఎవరు ఇవ్వాలన్న దగ్గర ఆగిపోతుంది. ఒక జీవోతో తహసీల్దార్లకు స్పష్టత ఇస్తే తీరే సమస్య ఇది. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇక వాయిదాల పద్ధతి. సంచార వృత్తుల ఆదాయం ఏడాది పొడుగునా ఒకేలా రాదు. బుట్టలకు కోతల కాలం, పెళ్లిళ్ల కాలం, గంగిరెద్దులవాళ్లకు సంక్రాంతి, వానాకాలమంతా అమ్మకాలు పడిపోతాయి, డేరా కూడా కదలదు. రైతుకు ఈ వెసులుబాటు ఎప్పుడో దొరికింది: కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణాన్ని నెలనెలా కట్టక్కర్లేదు, పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి గడువు ఉంటుంది. బుట్టలల్లే సంఘానికీ, పాతబట్టలు తిప్పే సంఘానికీ అదే నియమం పెట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు. జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాయిదా లేకుండా, సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఎక్కువ కట్టేలా ఒక పట్టిక తయారు చేసి, ముందు ఒక మండలంలో రెండేళ్లు నడిపి చూస్తే తిరిగి కట్టే శాతం ఎంతో అంకెల్లోనే తెలిసిపోతుంది.